బతికున్న మనిషికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు పెద్దపంజాణి దగ్గరి మా ఇంట్లో దేవుడి పటాల కంటే పెద్ద ఫోటో ఒకటి ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తొలి ప్రభుత్వాన్ని నడిపిన పెద్దలంతా వరసగా కూర్చున్న ఫోటో అది. వాళ్లలో ఎవరైనా పోయారని రేడియోలో చెబితే మా తాతయ్య తలస్నానం చేసి వచ్చి, అద్దం మీద ఆ మనిషి నొసట కుంకుమబొట్టు పెట్టేవాడు. మా ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోకే బొట్టు. బతికున్నవాళ్లకు పెడితే కీడంటారు.

చివర కూర్చున్న సన్నటాయనంటే తాతయ్యకు ప్రాణం. ఆయన ఒకసారి మదనపల్లెకు వచ్చి, జమీందారు ఓటుకూ చదువురాని రైతు ఓటుకూ తేడా లేదని చెప్పాడట. అది వినడానికి తాతయ్య నడిచి వెళ్లాడు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో! పిల్లలం వెనక నిలబడి, తాతయ్యలాగే గొంతు పెట్టి మిగతాది అప్పజెప్పేవాళ్లం.

తాతయ్యకు చూపు మందగించిన ఏడాది, ఆగస్టు పదిహేనున ఫోటో తుడిచి బొట్లు పెట్టే పని నాకు వచ్చింది. సన్నటాయనకు ఎందుకు పెట్టలేదని అడిగాను. ఆయన పేరు వినబడి ఎన్నేళ్లయిందో, ఎప్పుడో పోయుంటాడు, మనకే తెలిసుండదు, పెట్టేయమన్నాడు తాతయ్య. పెట్టాను.

మూడో రోజు, సన్నటాయన ఆ ఉదయమే కన్నుమూశాడని రేడియో చెప్పింది. మా అవ్వ నోరు ఊరుకుంటుందా, బతికుండే మనిషికి బొట్టు పెట్టేస్తివే అనేసింది. నేనే చంపేశాననుకున్నాను. అన్నం తినకుండా పట్టుపురుగుల గదిలో తట్టల వెనక దాక్కుని ఏడ్చాను. అవ్వ మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తాతయ్య గోడ తడుముకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నీ బొట్టుకు ఎవురూ సావరమ్మా. ఉండాడా లేడా అని ఎవుర్నీ అడక్కుండా, లేడనేసింది నేను. ఇన్నేండ్లూ ఆయప్ప బెంగళూర్లోనే ఉండాడంట. కుప్పంలో రైలెక్కింటే, పొద్దుగూకేలోపల సూసి వచ్చుండొచ్చు."

అంత పెద్దమనిషి కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే నా ఏడుపు ఆగిపోయింది. నన్ను ఓదార్చడానికే తప్పు తనమీద వేసుకున్నాడని చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, అది ఓదార్పు కాదు. బతికున్నంతకాలం తాతయ్యను తినేసిన బాధ అది.

పోయుంటాడులే అనే మాట ఎవరి గురించి విన్నా నాకు ఒళ్లు మండుతుంది. మొన్నామధ్య పుంగనూరు పెళ్లిలో, మాకు చదువు చెప్పిన టీచరమ్మ ఎప్పుడో పోయుంటుందని ఎవరో తేలిగ్గా అనేశారు. మరునాడే మదనపల్లె బస్సెక్కి, ఆమె అప్పట్లో ఉండిన చర్చి వెనక వీధిలో ఇల్లిల్లూ అడిగాను. ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో ఒకరు వచ్చారని మాత్రం, సాయంత్రం దాకా నా చెయ్యి వదల్లేదు.