జాజిరి నర్సమ్మ పిడికెడు జొన్నలు

నర్సమ్మను ఎవలన్న పాలామె అంటె నాకు కోపమొస్తది. పాలు పోస్తది, నిజమే, రెండు బర్లున్నయ్. కానీ ఈ విల్లాలు లేసిన జాగల నాలుగెకరాలు ఆమెదే ఉండె. జొన్న, కంది పండిన చెల్క. పెనిమిటి బతికున్నప్పుడే అమ్ముకున్నడు. ఆ సంగతి ఆమె నోటితోని అనదు. నేనంట, నాకు నోరాగదు.

నా పేరు ఇంద్రమ్మ. ఇబ్రహీంపట్నంకెల్లి శేరిగూడ దిక్కు వస్తుంటె విల్లాల గేటు ముంగట కిరాణ దుకాణం నాదే. గేటుకు ఇవతల మా ఊరు, అవతల విల్లాలు. నడుమల నేను. అటు పంచాయితీ, ఇటు పంచాయితీ నా గల్లా ముంగటనే తెగుతయ్.

నర్సమ్మను ఊర్ల అందరు జాజిరి నర్సమ్మ అంటరు. కాముని పున్నం దగ్గర పడ్డదంటె మా దిక్కు పోరగాండ్లు కోలలు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. వాకిట్ల నిలవడి కోలలేసుకుంట పాడుతరు, ఇంటోళ్ళు దోసెడు జొన్నలో బియ్యమో వాళ్ళ జోలెల పోస్తరు. దాన్నే జాజిరి అంటం. నలభై ఏండ్లాయె, మా ఊర్ల జాజిరి అంటె నర్సమ్మనే. పాట ఆమెనే నేర్పుతది, కోల ఎట్ల పట్టాల్నో ఆమెనే చూపిస్తది. పాట తప్పినోని పిక్క మీద కోలతోని ఒక్కటేస్తది. నేను గూడ తిన్న. ఇప్పటికీ పాట తప్పలే.

ఆమె పెనిమిటి పోయి పద్దెనిమిదేండ్లయింది. పుష్య మాసంల పోయిండు, రెండు నెల్లకే కాముని పున్నం. చావైన ఇల్లు, ఏడాది దాకా పండుగ లేదు, ఆ ఇంటి ముంగట పాడొద్దని పెద్దోళ్ళు పోరగాండ్లకు గట్టిగ చెప్పిన్రు. ఆ రోజు ముచ్చట నర్సమ్మ నాకు ఒక్కసారే చెప్పింది. "ఇంద్రా, తలుపెనుక కూసున్న. కోలల సప్పుడు పక్కింటి కాడ ఆగింది. నా ఇల్లు దాటినంక మళ్ళ మొదలైంది. సచ్చింది ఆయన గదనే, నేను గాదు గదా."

మళ్ళేడు ఆమె కొత్త కట్టుబాటు పెట్టింది. చావైన ఇంటి కాడ పోరగాండ్లు అడుగొద్దు, కానీ దాటిపోవద్దు. తమ జోలెలకెల్లి పిడికెడు జొన్నలు తీసి ఆ గడప మీద పెట్టి రావాలె. ఆ ఇంటోళ్ళు వాటిని దాచిపెట్టుకోవాలె. ఏడాది ఎల్లినంక వచ్చే జాజిరికి ఆ పిడికెడు తిరిగి పోరగాండ్ల జోలెల పొయ్యాలె. అప్పుడు ఆ ఇంటికి పండుగ తిరిగొచ్చినట్టు. పెద్దోళ్ళు లొల్లి చేసిన్రు, చావింటికెల్లి పండుగకు ఏమన్న తేవొచ్చునా అని. "మేం తెస్తలేం, ఇచ్చొస్తున్నం" అన్నది. ఆ ఏడుకెల్లి అదే నడుస్తుంది.

విల్లాలైనంక ఆమె పోరగాండ్లను లోపలికి గూడ తోలుకపొయ్యేది. నాలుగేండ్లు పోయింది. కృష్ణా జిల్లావాళ్ళు, గోదావరి జిల్లావాళ్ళు ఎక్కువ ఉంటరు లోపల. వాళ్ళకు జాజిరి తెల్వదు. కానీ పోన్లు పట్టుకొని ఫొటోలు తీసుకున్నరు, బిస్కిట్ పుడలు పోసిన్రు. ఎందుకే ఇంత కష్టపడతవు, ఊర్ల ఇండ్లు చాలవా అని అడిగిన. "నా చెల్క మీద నా పోరగాండ్లు పాడకపోతె ఎట్లనే" అన్నది. ఆ భూమి మీద ఆమెకు మిగిలింది ఆ ఒక్క పాటనే. నాకు ఆ రోజు దుఃఖమాగలే.

ఇగ పోయినేడు సంగతి.

విల్లాలల్ల రత్నమాల అని ఒకామె ఉంది. విజయవాడ దిక్కామె, మంచిదే, జర హుషారెక్కువ. అక్టోబర్ ఆఖరు రోజు పోరగాండ్లకు దయ్యాల ఏషాలేసి ఇల్లిల్లు తిప్పి చాక్లెట్లు అడిగిపియ్యాలె అని ఆమె ప్లాన్. ఆమె బిడ్డ సింధూర, ఏడేండ్లది, తెల్ల దుప్పటి కప్పుకొని నెలరోజుల సంది నా దుకాణం ముంగట ప్రాక్టీసు. నర్సమ్మకు నవ్వు. "పోరగాండ్లు పోరగాండ్లే. మనోళ్ళు జాజిరికి బొగ్గు పూసుకుంటరు, వీళ్ళు దుప్పటి కప్పుకుంటరు" అన్నది.

కానీ ఆ రోజే దీపావళి అమాస పడ్డది. రత్నమాల మెదడు పనిచెయ్యలేదో ఏమో, తారీకు మార్చలే. వాట్సాప్‌ల ఏం పెట్టిందంటె, ఎవలింటి ముంగట లైటు ఎలుగుతదో ఆ ఇంటికే పిల్లలు రావాలె, ఇష్టం లేనోళ్ళు లైటు తీసెయ్యాలె. దీపావళి నాడు లైటు లేని ఇల్లుంటదా? నేను ఒకలింట్ల నూనె డబ్బా ఇయ్యనీకి లోపలికి పోయి ఉంటి, అంతా నా కండ్లతోని చూసిన. సందేళ లక్ష్మీపూజ నడుస్తుంటె ఇరవై దయ్యాలు వాకిట్లల్ల దిగినయ్. ఒకామె హారతి పళ్ళెం పట్టుకొనే బయటికొచ్చి, "అమ్మవారు వచ్చే వేళకి దెయ్యాల్ని తోల్తారా" అని తిట్టింది. ఇంకొకామె తలుపే తియ్యలే.

పోరగాండ్ల మొకాలు మాడినయ్. ఇంతల వాళ్ళకు ఒక్క ఇల్లు కనవడ్డది, దీపం లేదు, లైటు లేదు, కటిక చీకటి. అసలు దయ్యాల ఇల్లు అదేనని, కావాల్నని అట్ల పెట్టిన్రని సంబరపడ్డరు. ఉరికి పోయి తలుపు గుద్దిన్రు. సింధూర ముంగటుండి దుప్పట్లకెల్లి కూతలు పెట్టింది.

అది శేషగిరిరావు సారు ఇల్లు. విల్లాల సంఘానికి అధ్యక్షుడు, తణుకాయన. సర్కారు నౌకరి చేసి దిగిపోయిండు. తలుపు తీసిండు. ఎదురుంగ తెల్ల దుప్పటి, పుర్రె మొకం. ఒక్కసారే అరిచిండు. "పోండి! మా ఇల్లే దొరికిందా మీకు!" ఆ మనిషి గట్ల అరవంగ నేనెప్పుడు వినలే. పోరగాండ్లు ఏడ్సుకుంట ఉరికిన్రు.

తెల్లారి లొల్లి చూడాలె. పిల్లల సరదా ఓర్వలేడని కొందరు, పండుగ పూట అపశకునమని కొందరు. రత్నమాల నా దుకాన్ల నిలవడి, "అంత మూర్ఖుడు ఉంటాడాండి, పసిపిల్లల మీద అరుస్తాడా" అని తిడుతుంటె నర్సమ్మ పాల క్యాను కింద పెట్టింది.

"రత్నమ్మా, ఆయన పెండ్లాం పోయింది" అన్నది.

సారు పెండ్లాం వసంతలక్ష్మమ్మకు పాణం బాగలేక తణుకు తీసుకపోయిన్రని తెలుసు గనీ, పోయిందని ఎవలకు తెల్వదు. అక్కడనే కర్మలు చేసుకొని ఆయన ఒక్కడు తిరిగొచ్చి ఆరు రోజులైంది. ఎవ్వలకు చెప్పలే. ఇప్పటి మనుషులకు వాట్సాప్‌ల పెట్టకపోతె చావు గూడ తెల్వదు.

"నీకెట్ల ఎర్కనే?" అని అడిగిన.

"రోజు లీటరు పోసేదాన్ని. వచ్చిన నాడు గిన్నె పట్టుకొని ఆయనే వచ్చిండు, అర్ధ లీటరు చాలన్నడు. మీసం తీసేసి ఉంది. అమ్మ ఏది సారు అన్న. జవాబు చెప్పకుండ లోపలికి పోయిండు. పండుగ నాడు దీపం పెట్టలే. ఇంకేం చెప్పాలె?" మళ్ళ క్యాను ఎత్తుకుంట, "పోరగాండ్లను ఆ ఇంటి దిక్కు పోనియ్యకుండ నేను చెప్పేదుండె. నాదే తప్పు" అన్నది.

రత్నమాల మొకం తెల్లవడ్డది. కానీ సిగ్గుతోని ఆయన గడప తొక్కలే. ఆయన గూడ ఎవల మొకం చూడలే. వారం దినాలకు గేటుకు కాయితం అతికిచ్చిండు. "ఇకపై ఏ పండుగకైనా, లోపలి పిల్లలైనా బయటి పిల్లలైనా, తలుపు తట్టి అడుగుట నిషేధం." కింద ఆయన సంతకం. దయ్యాలతోని పాటు జాజిరి గూడ బందైంది.

నాకు మండింది. మనం ఏం చేసినం, మన పోరగాండ్లెందుకు ఆగాలె, సంఘంల అడుగుదాం పా అన్న. నర్సమ్మ కదల్లే. నాలుగు నెలలు రోజు ఆ గేటులకెల్లే పోయింది, రోజు ఆ కాయితం చూసింది, రోజు ఆయనకు అర్ధ లీటరు పోసింది, ఒక్క మాట అనలే. ఆమెకు భయం పట్టిందనుకున్న. ఎన్ని తిట్టుకున్ననో ఆమెను, లోపల్లోపల.

ఫాల్గుణం వచ్చింది. పున్నానికి రెండు రోజుల ముంగట, సందేళ, పదిహేను మంది పోరగాండ్లను ఎంబడేసుకొని గేటు కాడికొచ్చింది. గేటు కాడ వాచ్‌మన్ ఐలేషు మా ఊరోడే. అడ్డం నిలవడ్డడు.

"నర్సమ్మక్కా, రాసిపెట్టిన్రు చూడు. నా నౌకరి పోతది."

"ఏం రాసిన్రు?"

"తలుపు కొట్టి అడుగొద్దని."

"మేం తలుపు కొట్టం, అడుగం. పెట్టొస్తం. పెట్టొద్దని రాసిన్రా?"

ఐలేషు కాయితం దగ్గరికి పోయి మొదటికెల్లి చదివిండు. "రాయలే" అన్నడు.

"మరి గేటు తియ్యి."

నేను దుకాణం షట్టర్ సగం దించి ఎంబడి పోయిన. పోకుంటె నాకు నిద్ర పడ్తదా? లోపల మొదటి మలుపు కాడ రత్నమాల, సింధూర నిలవడి ఉన్నరు. పొద్దుగాల పాలు పోసేటప్పుడే నర్సమ్మ రమ్మన్నదట. రత్నమాల బిడ్డను దగ్గరికి గుంజుకున్నది. "ఆయన మళ్ళీ అరిస్తే? పిల్ల జడుసుకుంటుందమ్మా" అన్నది.

"అరిస్తె అరవనియ్. నేనుంట గదా" అని నర్సమ్మ సింధూర చేతుల ఒక కోల పెట్టింది.

రెండు దిక్కుల ఇండ్లల్ల జనం బయటికొచ్చి చూస్తున్నరు. ఒకామె చేటల బియ్యం గూడ తెచ్చింది. నర్సమ్మ ఆగలే, తల అడ్డంగ ఊపింది. పోరగాండ్ల కోలలు చంకల ఉన్నయ్, ఒక్కడు సప్పుడు చెయ్యలే. అప్పుడు నర్సమ్మ ఒక్క ఇంటిని తప్పిచ్చి పోయినట్టు, ఈసారి ఇండ్లన్నిటిని తప్పిచ్చి ఒక్క ఇంటి ముంగట ఆగిన్రు. శేషగిరిరావు సారు ఇంటి ముంగట.

అప్పుడు కోలలు లేసినయ్. జాజిరి పాట గాదది. ఆమె సొంతంగ కట్టిన రెండు ముక్కలు, చావైన ఇండ్ల కాడ పాడేటియి.

"అడుగ రాలేదు మేము, చూడ వచ్చినం,
మీ గడప మరువలేదని చెప్ప వచ్చినం."

మూడుసార్లు పాడిన్రు. తలుపు తెరుచుకున్నది. సారు గడప కాడ నిలవడ్డడు. నర్సమ్మ జోలెలకెల్లి పిడికెడు జొన్నలు తీసి సింధూర దోసిట్ల పోసింది. ఆ పిల్ల ఒక్కొక్క మెట్టెక్కి గడప మీద కుప్ప పోసి, తలెత్తి, "సారీ తాతయ్యా. ఆ రోజు నాకు తెలీదు" అన్నది.

ఆయన తలుపు పట్టుకొని అట్లనే కిందికి కూసున్నడు. ఎక్కెక్కి ఏడ్చిండు. పెండ్లాం పోయిన సంది మంది ముంగట ఏడ్వని మనిషి. రత్నమాల గూడ పోయి పక్కకు కూసున్నది. పోరగాండ్లు బిత్తరపోయి చూస్తుంటె నర్సమ్మ వాళ్ళను తోలుకొని ఎనుకకు మళ్ళింది. ఇంకో ఇంటికి పోలే. నేను అడిగితె, "ఇయ్యాల పెట్టనీకి వచ్చినం. అడుగుడు వేరే రోజు" అన్నది.

ఆ వేరే రోజు వస్తదో రాదో ఎవలకు ఎర్క? గేటుకు కాయితం ఉండనే ఉంది.

తెల్లారి పొద్దుగాల సారు నా దుకాన్లకొచ్చిండు. చేతుల రుమాలు, రుమాల్ల ఆ జొన్నలు. నర్సమ్మ నా అరుగు మీద కూసోని చాయ్ తాగుతుంది.

"ఇవి ఏం చెయ్యాలమ్మా? మాకు జొన్నల సంగతి తెలీదు. వండుకోవాలా, దేవుడి దగ్గర పెట్టాలా? మా ఆవిడ ఫోటో ముందు పెట్టాను రాత్రి. తప్పేం లేదు కదా?" అని అడిగిండు.

"తప్పు లేదు సారు. దాచిపెట్టుండ్రి. ఏడాది ఎల్లినంక, వచ్చే జాజిరికి, మీ చేతితోని మా పోరగాండ్ల జోలెల తిరిగి పొయ్యాలె. గప్పుడు మీ ఇంటికి పండుగ తిరిగొచ్చినట్టు."

"మీరూ పోశారా?"

"పోసిన సారు. నా గడప మీద ఎవలు పెట్టలే, నేనే పిడికెడు దాచిపెట్టుకొని పోసిన. నేను గూడ ఒక్కదాన్నే ఉంటి."

ఆయన నా దిక్కు చూసి, "గట్టి మూత ఉన్న డబ్బా ఉందా? ఏడాది పాటు పురుగు పట్టకూడదు" అన్నడు. నేను డబ్బా తీసిచ్చిన. నర్సమ్మ లేసి వేపాకు తెంపుకొచ్చి అండ్ల ఏసింది. ఆయన జొన్నలు పోసి మూత బిగిచ్చిండు. పోబోయి ఆగిండు.

"వచ్చే ఏడు మీ పిల్లలు తప్పకుండా వస్తారు కదా?"

"వస్తరు సారు" అన్నది నర్సమ్మ, చాయ్ గ్లాసు కింద పెట్టుకుంట. "గేటు తీసుంటె."

ఆయన డబ్బా చంకల పెట్టుకొని రోడ్డు దాటి గేటు కాడికి పోయిండు. ఐలేషు లేసి నిలవడ్డడు. సారు తన సంతకమున్న కాయితాన్ని గోటితోని గీకుడు షురూ చేసిండు. సగం ఊడింది, కింది మూల గట్టిగ అంటుకొని రాలే. నర్సమ్మ చెంబుల నీళ్ళు తీసుకపోయి, దాన్ని తడిపి, ఆయన ఎంబడి తను గూడ గీకింది.