ఫ్యాన్ ఆపి కోసిన రిబ్బన్

నాకు ఉద్యోగం వచ్చింది. ఆదిలాబాద్‌లో, ఆస్పత్రి ల్యాబులో, మైక్రోటోమ్ మీదనే. రిజిస్టర్ రాసే కుర్చీ కాదు, సీసాలు తీసుకునే కిటికీ కాదు, మిషన్. పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి ఒక్కచోట కూర్చోలేదు. రెండుసార్లు టీ పెట్టి రెండుసార్లూ పొంగబెట్టాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఆ పట్టాకు తగ్గ పని ఇవ్వమని అడిగి, రెండేళ్లు మాటలు పడ్డదాన్ని కూడా నేనే. అందుకే ఆ టీ గిన్నె కడగకుండానే ఇది రాస్తున్నాను.

ఆ పని ఏమిటో మా బాపుకు చెప్పినట్టే చెప్తాను. ఆపరేషన్‌లో మనిషి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క ఫార్మాలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని కరిగిన మైనంలో పొదిగి సబ్బు బిళ్లలా గట్టిపరుస్తాం. ఆ బిళ్లను బ్లాకు అంటాం. దాన్ని మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పితే, బ్లేడు మీదుగా పొర వెనక పొర అతుక్కుని నాడాలా బయటికి వస్తుంది. అదే రిబ్బన్. ఒక్కో పొర నాలుగు మైక్రాన్లు. ఉల్లిపొర దాని ముందు దుప్పటి. ఆ రిబ్బన్‌ను వెచ్చని నీళ్ల మీద పరిచి, గాజు పలక మీదికి ఎత్తి, రంగులు వేసి డాక్టరుకు ఇస్తాం. క్యాన్సరో కాదో ఆ పలక చూసే చెప్తారు. పొర ముడత పడితే, ఎంత పెద్ద డాక్టరుకైనా ముడతే కనిపిస్తుంది.

బాపు జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలి. అంతా విని ఒక్కటే అడిగాడు.

"నువ్వు కోసినవని ఆ ముక్క గలోళ్లకు తెలుస్తదా బిడ్డా?"

తెలియదన్నాను.

"అయితె ఇంకింత మంచిగ కొయ్యాలె" అన్నాడు.

కొయ్యనిస్తే కదా. డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. అక్కడ కోత పనంతా పెద్ద టెక్నీషియన్‌ది. నేను హాజరు పట్టీలో సంతకం పెడుతుంటే ఆయన చూశాడు. ఎడమచేత్తో పెడుతున్నాను.

"ఎడమ చెయ్యితోని మిషన్ మీద ఏం చేస్తవ్ బిడ్డా? చక్రం కుడి దిక్కుంటది. నీ కోసమని కంపెనీవాడు ఇటు దిక్కు పెట్టిస్తడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొత్తదాన్ని కాబట్టి. ఆ నవ్వొక్కటి వెనక్కి తీసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎడమచేతికి దెబ్బలు కొత్త కాదు. మా నాయినమ్మ ఆ చెయ్యి కంచం దగ్గరికి వస్తే గరిటె విసిరేది. తినడం కుడిచేతికి మార్చాను. పెట్టడం, పుచ్చుకోవడం మార్చాను. రాత మాత్రం మార్చలేదు. మార్చమన్న ప్రతి టీచరు ముందూ బలపం ఎడమచేత్తోనే పట్టుకుని నిలబడ్డాను.

ల్యాబులో నా పని సీసాలకు చీటీలు అంటించడం, రిజిస్టర్ నింపడం. కానీ కళ్లకు ఎవరూ పని చెప్పలేదు కదా. ఆయన కోస్తుంటే చూసేదాన్ని. కొన్ని వారాలకు ఒకటి అర్థమైంది. కుడిచెయ్యి చేసేది చక్రం తిప్పడమే. బ్లేడు మీద పుట్టే రిబ్బన్ కొసను కుంచెతో పట్టి, లాగీ లాగనట్టు ముందుకు తెచ్చేది ఎడమచెయ్యి. నాజూకు పనంతా దానిదే. ఆయన రిబ్బన్లు తెగేదీ అక్కడే. ఒకరోజు ఆ మాటే ఆయనతో అన్నాను. చక్రం కుడిచెయ్యి తిప్పుతుంది, కుంచె ఎడమచెయ్యి పడుతుంది, నాకంటే ఎవరికి కుదురుతుంది సార్ అని.

"నాకే నేర్పుతున్నవా?" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను సీసాలు తీసుకునే కిటికీలో కూర్చోబెట్టారు.

కిటికీ పొద్దున్నే తెరవాలి కాబట్టి ల్యాబు తాళం నాకే ఇచ్చారు. ఆయన తొమ్మిదింటికి వచ్చేవాడు. నేను ఏడున్నరకే వెళ్లి, ముక్కలు లేని ఉత్త మైనం బ్లాకులు బిగించి కోసేదాన్ని. మొదట్లో అన్నీ పాడయ్యాయి. ఒక పొర మందం, ఒక పొర పలచన. కుంచె బాగానే ఆడుతోంది. కుడిచెయ్యే కుదుపుతోంది.

దానికి మందు మా ఇంట్లోనే దొరికింది. అమ్మను మేం అవ్వ అంటాం. మా అవ్వ జాకెట్లు కుడుతుంది, చేత్తో తిప్పే పాత కుట్టుమిషన్ మీద. దానికీ చక్రం కుడివైపే. బట్టను నడిపించేది ఎడమచెయ్యి. ఆదివారం జమ్మికుంట వెళ్లినప్పుడల్లా చుట్టుపక్కల వాళ్ల దిండు గలీబులన్నీ నేనే కుట్టాను. అవ్వ పక్కన కూర్చుని నా చెయ్యినే చూసేది.

"ఆగుకుంట తిప్పకే. కుట్టు ఒక్కతీరుగ పడదు. నువ్వు ఊపిరి తీసుడు తీరుగ తిప్పు, తిప్పుతున్నవని యాది మరువాలె."

నాలుగు నెలలకు యాది మరిచాను. రిబ్బన్ మూరెడు పొడుగు వచ్చింది. దాన్ని నీళ్ల మీద వదిలి, ఒక్కదాన్నే నిలబడి చూసి, తొమ్మిదిలోపు తుడిచేశాను.

ఇంతలో ఆదిలాబాద్‌లో ఒక్క పోస్టు పడింది. అనుభవం కాగితం కావాలి. పెద్ద టెక్నీషియన్ అందులో నమూనాలు తీసుకోవడం, రిజిస్టర్ పని అని రాశాడు. సెక్షన్ కటింగ్ కూడా రాయమన్నాను.

"చెయ్యని పని ఎట్ల రాస్త?"

"చెయ్యనిస్తె చేద్దును సార్."

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితమే తీసుకుని బస్సెక్కాను.

పరీక్షకు ముగ్గురం వచ్చాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చివర నేను. నడి ఎండాకాలం, చిన్న గది. మమ్మల్ని చూడడానికి పెద్ద డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన వచ్చారని అటెండరమ్మ ఫ్యాన్ పూర్తిగా తిప్పింది. కోసే గదిలో ఎంత ఉక్కపోసినా ఫ్యాన్ వేయరు. గాలికి రిబ్బన్ నిలవదు. ఇది మా ముగ్గురికీ తెలుసు. కానీ పెద్దాయన మీద గాలి ఆపేదెవరు?

అబ్బాయి రిబ్బన్ లేచి అతని చొక్కా చేతికే అతుక్కుంది. దులుపుకుని పక్కకు తప్పుకున్నాడు. అమ్మాయి మిషన్‌కు తన ఒళ్లు అడ్డం పెట్టి కోసింది. మూడు తునకలు దక్కాయి. ఇద్దరిలో ఎవరూ స్విచ్ జోలికి పోలేదు. నా వంతు వచ్చింది. నోరు మూసుకుని కోస్తే నా రిబ్బనూ ఎగురుతుంది. అప్పుడు ఆ కాగితంలో రాసిందే నిజమవుతుంది, రిజిస్టర్ పనిదాన్నే అని. లేచి వెళ్లి స్విచ్ ఆపాను.

"ఓ బాయి, పెద్ద సాబ్ కూసున్నడు. ఫ్యాన్ బంద్ చేస్తవా?" అంది అటెండరమ్మ. ఆదిలాబాద్ దిక్కు ఆడవాళ్లను బాయి అంటారు.

డాక్టరు తలెత్తారు. "ఎందుకు బంద్ చేసినవమ్మా?"

"కోసేటప్పుడు గాలి ఉండద్దు సార్, రిబ్బన్ ఎగురుతది. వాళ్లిద్దరికి గూడ ఇంకోపారి ఇయ్యుండ్రి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మైక్రోస్కోపు కాడ కూసునేటోనికి గాలి సంగతి యాదికుంటదా? జర ముందే చెప్పద్దా? సరె, కొయ్యి."

బ్లాకు మెత్తబడి ఉంది. ఐసు గడ్డ మీద కాసేపు బోర్లించి బిగించాను. మొదటి రిబ్బన్‌లో పొడుగునా ఒక గీత పడింది. బ్లేడు అంచు అక్కడ దెబ్బతిన్నట్టుంది, దాన్ని పక్కకు జరిపి మళ్లీ కోశాను. ఈసారి ఎనిమిది పొరలు, ఒక్క తెంపు లేకుండా. నాది ఏ చెయ్యో ఆయన చూడనే లేదు. పలకను వెలుతురుకు పట్టి చూశారు, అంతే. తర్వాత ఆ ఇద్దరూ కోశారు, బాగా కోశారు. బయటికొచ్చాక ఆ అమ్మాయి నా నంబరు తీసుకుని తనదీ ఇచ్చింది.

బస్సులోంచి అవ్వకు ఫోన్ చేస్తే తిట్టింది. ఉన్నది ఒక్క కొలువు, వాళ్ల కోసం నువ్వెందుకు అడిగినవే అని. ఫ్యాన్ ఆపుకుని నేనొక్కదాన్నే కోసి గెలిస్తే, గాలి లేదు కాబట్టి గెలిచిందంటారు. ఆ మాట ఇంకెవరి నోటా రానివ్వను. అవ్వకు అదే చెప్పాను. చెప్పాను గానీ, ఆ తర్వాత పది రోజులు నాకు అన్నం సయించలేదు.

ఈ పొద్దు ఫోన్ వచ్చింది. అవ్వకు చెప్పేశాను. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

బాపు. మార్కెట్లో పత్తి కాంటాలు అయ్యేదాకా ఫోన్ ఎత్తడు.

దుబాయ్‌లో అన్న, డ్యూటీ దిగాక.

మంథని మేనత్త. చదివింది చాలు, సంబంధం చూడమన్నామె. ఇంట్లో అందరూ వినేలా స్పీకర్ పెట్టమంటాను.

పెద్దపల్లిలో నాకు జువాలజీ చెప్పిన మేడం.

కరీంనగర్ పెద్ద టెక్నీషియన్. సోమవారం నుంచి కిటికీలో ఎవరినైనా చూసుకోమని.

ఆదిలాబాద్‌లో నాతో పాటు కోసిన అమ్మాయి. ఈమెకే అందరికంటే ముందు చేయాలి, ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదు.