అమ్మ కంచం మీది లైటు

తొర్రూరులో లైట్ల దుకాణం నడిపిన చాచా మంగళవారం పొద్దున చనిపోయారు. ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు.

మూడేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయన పరిచయం. ఎనిమిది మంది కూర్చునే పొడవాటి భోజనం బల్ల చేయించాం. చీకటి పడితే అమ్మ దాని దగ్గరికి వచ్చేది కాదు. ఆమెకు చూపు తగ్గింది. వెలుతురు ఉండగానే వరండాలో ఒక్కతే తినేసేది. గార్ల నుంచి మేనమామ పంపే చేపలంటే ఆమెకు ప్రాణం. అవీ మానేసింది. వయసు మీద పడిందనుకున్నాను.

దుకాణంలో గాజు పూసలు వేలాడే జూమర్ లైటు అడిగాను. చాచా ఇవ్వలేదు.

"గిది వచ్చినోళ్లు చూడనీకా బేటా, ఇంట్లోళ్లు తిననీకా?"

మరునాడు ఇంటికి వచ్చారు. సంచిలో పొడవాటి వైరు, కొసన ఒక బల్బు. ఎవరింట్లోనైనా ఆయన పని తీరు అదే. భోజనం బల్లయితే మనుషుల్ని కూర్చోబెట్టేవారు, వంటింటి నడుమ గట్టయితే నిలబెట్టేవారు. బల్బును పైకీ కిందికీ జరిపేవారు. కళ్లలో కొట్టకుండా వెలుగు పడిన ఎత్తు దగ్గర వైరుకు ముడి వేసేవారు.

"అక్కా, నువ్వు కూసునే కుర్సీ ఏది?" అని అమ్మను అడిగారు.

"నేనీడ కూసోను. చేప ముండ్లు కానరావు."

ఆయన నావైపు తిరిగారు. "రిపోర్టర్‌వి గదా, ఊరందర్ని అడుగుతవ్. అమ్మనడగలేదా?"

అమ్మ చివరి కుర్చీ చూపించింది.

మూడు లైట్లు వేలాడదీశారు. రెండు సమంగా ఉన్నాయి. మూడోది అమ్మ కుర్చీ ముందు, జానెడు కిందికి.

"వంకరగుంది చాచా" అన్నాను.

"లైటు వంకరుండని. అక్క మెడ వంకర పెట్టకుంట తినాలె."

ఆ సాయంత్రం చేపల కూర వండించాం. అమ్మ మాతో కూర్చుంది. ముళ్లను ఒక్కొక్కటే తీసి కంచం అంచున వరుసగా పెట్టింది. "కూరల ఉప్పెక్కువైంది" అంది. వరండాలో తిన్నన్నాళ్లూ ఆమె ఏ వంకా పెట్టలేదు. ఆ తర్వాత పెట్టని పూట లేదు.

జనగామ నుంచి వచ్చే చుట్టాలు ఆ ఒక్క లైటు కిందికెందుకుందని ఇప్పటికీ అడుగుతారు. "అది నాది" అంటుంది అమ్మ.

చాచాను మట్టి చేసి, జనాజా నుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. ఇంట్లో ఆ పూట పప్పు చేశారు. పప్పులో ముళ్లుండవు. అయినా అమ్మ లైటు వేయించి, కంచాన్ని వెలుగు నడిమికి జరుపుకుంది.