రేవు తాత నోరు మూసుకున్న రోజు

నా చిన్నప్పుడు నాకు ఒళ్లు మండేంత కోపం తెప్పించిన మొదటి మనిషి అసలు పుట్టనేలేదు. ఆయన ఒక వారపత్రిక సీరియల్లో ముసలి పడవవాడు. కథలో అందరూ రేవు తాత అనేవాళ్లు. ఇప్పుడు నాకే మనవలున్నారు, అయినా ఆ ముసలాయన గుర్తొస్తే పళ్లు కొరుకుతాను.

మాది నూజివీడు. మా నాన్న మామిడికాయల వ్యాపారి. ఆగిరిపల్లి వైపు తోటల నుంచి కాయ దిగితే, మా షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని దెబ్బతిన్న కాయ ఏరి పక్కన పడేసేవాళ్లు. మంచి కాయలో కొంత వెనక గదిలో వరిగడ్డి పరిచి పండటానికి పెట్టేవాళ్లం. దాన్ని మేము కావు వెయ్యడం అంటాం. షెడ్డు పెత్తనమంతా మా బాబాయిది. ఆయన నోటికి జడిసి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

మా మేనత్త, అంటే మా నాన్నకి అక్క, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. నాకు జడ వేసినా, అన్నం పెట్టినా ఆవిడే. పత్రిక రాగానే షెడ్డులో పీట వేసుకుని సీరియల్ పైకి చదివేది. పనివాళ్లలో చాలామందికి చదువు రాదు, అందుకని చేతులు కాయల మీదా చెవులు అత్తయ్య మీదా పెట్టి వినేవాళ్లు. రేవు తాత మాటలు వచ్చినప్పుడు ఆవిడ గొంతు కాస్త బొంగురు చేసేది. నా మటుకు నాకు రేవు తాత అంటే ఆ గొంతే.

కథలో తండ్రి జాడ తెలియని ఒక పిల్లని ఆయన పెంచుతాడు. ఈత నేర్పుతాడు, పడవ నడపడం నేర్పుతాడు. భయం వేస్తే వెయ్యనీ, నోరు మాత్రం కట్టేసుకోకు అని ఆ పిల్లకి చెబుతూ ఉంటాడు. నేను నోట్లో నాలుక లేని పిల్లనని ఊళ్లో పేరు. బళ్లో నా పెన్ను లాక్కున్న పిల్ల దగ్గరికి వెళ్లి, వణుకుతూనే, నా పెన్ను నాకిమ్మని అడిగింది ఆయన మాట పట్టుకునే. అలాంటి మనిషిని దేవుడి పటం పక్కన పెట్టుకోనా మరి?

ఒక వేసవిలో, గాలివాన వచ్చిపోయిన మర్నాడు కొత్త సంచిక వచ్చింది. ఆ వారం రేవు తాత పాత సంగతి బయటపడింది. ఆ పిల్ల తండ్రిని చెయ్యని దొంగతనానికి రేవులో స్తంభానికి కట్టి కొట్టారట. అసలు దొంగ ఎవరో రేవు తాత పడవలోంచి కళ్లారా చూశాడట. కొట్టించిన మునసబుకి భయపడి కిక్కురుమనలేదట. ఆ అవమానంతోనే తండ్రి ఊరొదిలి పోయాడట.

నేను అత్తయ్య చేతిలోంచి పత్రిక లాక్కుని నేలకేసి కొట్టాను. నోరు కట్టేసుకోకని నీతులు చెప్పినవాడు, చెప్పాల్సిన రోజున తన నోరు కుట్టేసుకున్నాడా? అన్ని వారాలు నన్ను వెర్రిదాన్ని చేశాడా? పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "కథలో ముసలాడి మీద అంత కోపమేంటమ్మా" అని ఒకావిడ నా బుగ్గ పుణికింది. నాకు ఇంకా మండింది. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

అసలు మంట ఆ తర్వాత మొదలైంది. నాలుగు రోజులకి కావు గది తెరిస్తే గుప్పున వాసన. కాయంతా ముచ్చికల దగ్గర నల్లబడి కుళ్లిపోయింది. బాబాయి కేకలు వేస్తూ వచ్చి, కాయ ఏరే ఒక అక్క మీద పడ్డాడు. చాట్రాయి నుంచి రోజూ వచ్చే మనిషి, పిల్లల్ని తన రెక్కల మీదే సాకుతోంది. గాలికి రాలిన కాయని ఏరకుండా కలిపేసిందనీ, రేపటి నుంచి రానక్కర్లేదనీ బాబాయి అన్నాడు. ఫలానా షెడ్డులో కాయ పాడుచేసిందని పేరు పడితే ఆ సీజనులో ఇంకెవరూ పనిలోకి రానివ్వరు. అది అందరికీ తెలుసు. "నేను ఒకటికి రెండుసార్లు చూసే వేశానండి" అని ఆవిడ అంటూనే ఉంది, వినేవాడేడీ?

కానీ నాకు తెలుసు. వాన వెలిసిన సాయంత్రం గడ్డి బండి వచ్చినప్పుడు నేను గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాను. గడ్డి నీళ్లోడుతోంది. ఆరబెడదామని కూలీలు అంటే, లారీ వేళకి కాయ పండాలి, పరిచెయ్యండని కసిరింది బాబాయే. తడి గడ్డిలో కాయ ఉడికి కుళ్లింది.

నేను వంటింట్లోకి వెళ్లి అత్తయ్యకి అంతా చెప్పాను. చెప్పి, నేను మాత్రం నోరు విప్పను, రేవు తాతే విప్పలేదు, ఇక నాకేం పట్టింది అన్నాను. ఏడుస్తూ అనలేదు, కోపంగానే అన్నాను. అత్తయ్య పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

"వాడి మీద కోపం ఉంచుకోవే, వద్దన్నానా? కానీ వాడు మంచోడని ఆ మాట విన్నావా, మాట మంచిదని విన్నావా?" అంది. "వెళ్లు. మీ నాన్న ఇంకా షెడ్డులోనే ఉన్నాడు."

వెళ్లాను. మా నాన్న ఎదుట నిలబడి, బండిలో గడ్డి తడిసి ఉందనీ, బాబాయే పరవమన్నాడనీ చెప్పేశాను. బాబాయి చెయ్యెత్తాడు. నాన్న ఆపి, గదిలోకి వెళ్లి గడ్డి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. అప్పటికీ చెమ్మగానే ఉంది. బయటికొచ్చి చాట్రాయి అక్కతో, "పనిలోకి రామ్మా" అని మాత్రం అన్నాడు. బాబాయి ఆ సీజనంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పీడాపోయింది.

అంతటితో అయిపోతే నేను అత్తయ్యని నెత్తిన పెట్టుకునేదాన్ని. సాయంత్రం ఆ అక్క ఇంటికి వెళ్తూ పెరటి గుమ్మం దగ్గర ఆగింది. నేను లోపల ఉన్నానని చూసుకోలేదు. "గడ్డి దించేటప్పుడు మీరూ అక్కడే ఉన్నారు కదండీ, నాతో పాటే తడి చూశారు కదండీ, నేను చెబితే ఎవరు వింటారు?" అంది అత్తయ్యతో. అరవలేదు, తిట్టలేదు, మెల్లగానే అడిగింది. "తమ్ముళ్ల తిండి తింటున్నదాన్నమ్మా, నేనేం చెప్పను" అంది అత్తయ్య.

పొద్దున ఆ మనిషిని అంతమంది ముందు దులిపేస్తుంటే అత్తయ్య చూస్తూ ఊరుకుంది. తను ఊరుకుని, పదేళ్ల పిల్లని నన్ను ముందుకి తోసింది. ఆ రాత్రి జడ విప్పుతానని వస్తే ఆవిడ చెయ్యి విదిలించి కొట్టాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది, నాకు జాలి వెయ్యలేదు.

సీరియల్ చివర్లో రేవు తాత చచ్చిపోయాడు. షెడ్డులో అందరూ ముక్కులు చీదారు, నేనూ చీదాను. ఆయన తప్పు ఒప్పుకునే పోయాడు, నా మనసు కాస్త మెత్తబడింది. కథలో మనిషిని వదిలెయ్యడం తేలికే, వాడు మనకి గోరుముద్దలు పెట్టలేదు కదా. అత్తయ్య సంగతి వేరు. తను చెయ్యలేని పనిని నా చేత చేయించింది. చేయించింది గనక ఆ అక్క పని నిలబడింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఎవరిని తిట్టాలో తెలియక ఇంకా తిక్కరేగుతుంది.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో సిరీస్ చూస్తూ, అందులో గురువు ఒకప్పుడు ఘోరం చేశాడని తెలిసి, ఫోను మంచం మీదకి విసిరేసింది. వాళ్లమ్మ "పోనీలేవే, కథే కదా" అంది. నేను అనలేదు. నీకు పనికొచ్చిన మాట ఉంటే ఉంచుకో, వాడిని మాత్రం ఊరికే వదలకు అన్నాను.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. చివరి రోజుల్లో ఆవిడకి అన్నం కలిపి పెట్టింది నేనే. ప్రేమ లేక కాదు. కానీ ఆ కోపం మాత్రం పోలేదు, పోనివ్వను కూడా. అది చల్లారిన రోజున నేనూ ఎవరింట్లోనో తిండికి మొహమాటపడి, కళ్లెదుట జరుగుతున్నది చూస్తూ ఊరుకుంటానేమోనని నా భయం.