వంకాయల విచారణ

త్రికమ్ కాకాకు కూరగాయలు కొనే అలవాటు లేదు. విచారించే అలవాటే ఉంది. అహ్మదాబాద్ కోర్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైనా ఆ జబ్బు వదల్లేదు. మే నెల మండుటెండలో తోపుడుబండి కనబడితే చాలు, సందు మలుపులోని గోడ నీడకు పిలిచేవాడు.

"ఈ వంకాయ ఏ ఊరిది?"

"సాణంద్‌ది కాకా."

"ముచ్చిక వంకరేమిటి? చిన్నప్పుడు దెబ్బ తగిలిందా?"

అరగంటకుగానీ విచారణ వాయిదా పడేది కాదు. ఒక్క వంకాయా కొనేవాడు కాదు. ఎదురింటి హంసాబెన్‌కు ఒళ్లు మండేది. బండి ఆమె గుమ్మం దాకా వచ్చేసరికి నిద్రవేళ కాస్తా దాటిపోయేది.

ఆ ఏడు వడగాడ్పులను తట్టుకునే ఏర్పాట్లకు వీధివాళ్ల సలహా అడగాలని మునిసిపాలిటీ ఆఫీసరమ్మ వచ్చి, అరుగు మీద సందు పటం పరిచింది.

"ఒక్కటే నీడపందిరి, కింద మంచినీళ్ల కుండ. ఎక్కడ కావాలో తలా ఒక బొట్టుబిళ్ల అంటించండి."

పదిహేడు బొట్లు పడ్డాయి. పదహారూ ఎవరి గుమ్మం ముందు వాళ్లవే. హంసాబెన్ అయితే ఊడకుండా రెండుసార్లు నొక్కింది. కాకా బొట్టు మాత్రం మలుపు గోడ దగ్గర. పాతబడిందని ఆ గోడను వచ్చేవారం కూల్చేస్తున్నారు.

"గోడ పోతే వంకాయల కచేరీ మూతపడుతుందనా కాకా?" అంది హంసాబెన్. అందరూ పడీపడీ నవ్వారు.

"అక్కడ ఎండ ఎక్కువమ్మా," అని గొణిగాడు కాకా.

అప్పుడే కూరల బండి తోసుకొచ్చిన రమీలాను ఆఫీసరమ్మ ఆపింది. "ఎండవేళ ఎక్కడ సేద తీరతావమ్మా?"

"సేదా? ఈ ముసలాయన తీరనిస్తేగా మేడమ్! ఆ గోడ నీడకు లాగి, చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి నా బుర్ర తింటాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదలడు. గబగబా తాగేశానా, ఇంకోటి పోస్తాడు!"

"నాకూ అంతే," అన్నాడు వెనకే వచ్చిన ఉల్లిపాయల కనుభాయ్. "నా ఉల్లిపాయకు పెళ్లయిందా అని అడిగాడు."

హంసాబెన్ నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఎదురింట్లో ఉండి ప్రశ్నలే విన్నది, గ్లాసు చూడలేదు. ఆమెకు నిజంగానే సిగ్గేసింది. తన గుమ్మం ముందు బొట్టు గోటితో పీకి మలుపు దగ్గర అంటించింది.

"మరి నీ గుమ్మం సంగతేమిటి తల్లీ?" అన్నాడు కాకా.

"నా నెత్తిన కప్పుంది కాకా. వాళ్లకేముంది?"

ఒక్కొక్క బొట్టే కదిలింది. చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కాకా అందరినీ ఎగాదిగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"సాక్షులంతా ఇలా ఒక్కసారే ప్లేటు ఫిరాయించడం నా సర్వీసులో చూడలేదు!"