పెట్టెను సరిచూసింది నేనే

కదిరి బయట ఒక రేకుల షెడ్డులో టెలిఫోన్ల లోపలి సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఎనభైల్లో, డిప్లొమా పూర్తిచేసిన కొత్తలో, నాకు అక్కడ మిషన్లు చూసే ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మినెంటు కాలేదు. అయినా మిషన్ల గురించి నాకు తెలిసినంత ఆ షెడ్డులో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ పొగరుతో చాలామంది మీద నోరు పారేసుకున్నాను కూడా.

మా ఎండలు తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. గాలిలో తడి అన్నది ఉండదు. నైలాన్ చీర కట్టుకుని నాలుగడుగులు నడిచి ఇనుప తలుపు ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. మనకు అది ఒక చురుకు, అంతే. బోర్డు మీది సన్నటి భాగాలు మాత్రం దానికే పాడైపోతాయి. అందుకని పనిచేసే ఆడవాళ్లంతా మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుని, దాని తీగను భూమిలోకి పోయే వైరుకు తగిలించుకునేవాళ్లు. పట్టీ పనిచేస్తోందో లేదో చెప్పడానికి తలుపు పక్కన గోడకు ఒక పెట్టె ఉండేది. దాన్ని సరిచూసే పని నాది. తీగను అందులో గుచ్చి, బొటనవేలితో స్టీలు బిళ్లను నొక్కితే సన్నటి కరెంటు ఒంటి గుండా పోయి పచ్చలైటు వెలగాలి. కరెంటుకు అడ్డు తగిలి ఎర్రలైటు వెలిగితే ఆ రోజు బల్ల దగ్గర కూర్చోనివ్వరు. వరుసగా మూడు రోజులు ఎర్రలైటు వస్తే పనిలోంచి తీసేస్తారు.

నల్లమాడ నుంచి బస్సులో వచ్చే ఒక అక్కకు అప్పటికి రెండు రోజులు ఎర్రలైటు వచ్చింది. చిన్నప్పటి నుంచి విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి ఒలిచి ఆమె బొటనవేళ్లు కాయలు కాచి గట్టిపడ్డాయి. వానల్లేక చేను బీడు పడింది, మొగుడు మంచం పట్టాడు, ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఉద్యోగం మీదే. మూడో రోజు మధ్యాహ్నం దాకా ఆగి, చేతులు మళ్లీ కడుక్కుని వచ్చి బిళ్లను నొక్కింది. ఎర్రలైటే వెలిగింది.

"నీ చేతుల్లోనే ఏందో ఉండాదమ్మా. రేపట్నుంచి రావద్దులే" అన్నాడు సూపర్‌వైజరు.

"నా చేతులకేమైంది సార్? ఇన్నాళ్లూ పచ్చలైటే గదా వచ్చింది. ఆ పెట్టెను ఒకసారి చూపియ్యండి" అందామె.

ఆయన నా వైపు తిరిగాడు. పొద్దున్నే చూశానని, సరిగ్గా ఉందని విసుగ్గా చెప్పాను. పెట్టెను అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే నాకు.

"ఈడ మా ఎదురుగా మళ్లా చూడు" అన్నాడాయన.

సరిచూసే పద్ధతి చిన్నదే. కరెంటును అడ్డుకునే రెసిస్టర్లు రెండు ఉండేవి. తక్కువగా అడ్డుకునేదాన్ని పెట్టెలో కరెంటు వచ్చే రెండు కొనలకు ఆనిస్తే పచ్చ రావాలి, ఎక్కువగా అడ్డుకునేదాన్ని ఆనిస్తే ఎర్ర రావాలి. ఎర్ర రాకపోతే వచ్చేదాకా లోపలి స్క్రూ బిగించాలి. ఎంత బిగిస్తే పెట్టె అంత కఠినంగా, కొద్దిపాటి అడ్డుకే ఎర్ర చూపిస్తుంది.

సూపర్‌వైజరు ఒక పక్క, ఆ అక్క ఒక పక్క, వెనక ఆడవాళ్లంతా పనులాపి నిలబడ్డారు. మొదటిది ఆనించాను, పచ్చ వచ్చింది. రెండోదాని కాళ్లను ఎప్పటిలాగే రెండు చేతుల వేళ్లతో పట్టుకుని కొనలకు అదిమాను. ఎర్ర రావలసినచోట పచ్చ వచ్చింది.

"చూస్తివా, పెట్టె ఇంకా వదులుగానే ఉండాది. వదులుగా ఉన్నా ఆమెకు ఎర్ర వస్తాందంటే తప్పు చెయ్యిదే. బిగించు" అన్నాడు సూపర్‌వైజరు.

స్క్రూడ్రైవరు పెట్టి తిప్పబోతూ ఆగాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇదే రెసిస్టరుకు ఎర్ర వచ్చింది. ఆ తరువాత పెట్టెను ఎవరూ తెరవలేదు. నా చేతులు చూసుకున్నాను. అందరూ చూస్తున్నారన్న భయానికి వేళ్లు తడిసిపోయి ఉన్నాయి. పైటకు గట్టిగా తుడుచుకుని మళ్లీ ఆనించాను. ఎర్ర వచ్చింది.

కరెంటు రెసిస్టరు గుండానే కాదు, నా చెమట వేళ్ల గుండా కూడా పోతోంది. అడ్డు తక్కువగా కనిపించి పెట్టె పచ్చ చూపిస్తోంది. పెట్టె వదులైందనుకుని, ఎండలు ముదిరేకొద్దీ ప్రతి సోమవారం మధ్యాహ్నమూ నేను స్క్రూ బిగిస్తూ వచ్చాను. ముందు నెలలో తనకల్లు నుంచి వచ్చే ఒకామె ఇలాగే మూడు రోజులు ఎర్రలైటు వచ్చి ఇంటికి పోయింది. ఆ రోజూ పెట్టె సరిగ్గా ఉందని చెప్పింది నేనే.

ఏప్రాన్లు ఆరేసే తీగ మీది ప్లాస్టిక్ క్లిప్పులు రెండు తెచ్చి, రెసిస్టరును వాటితో కొనలకు పట్టించి, చెయ్యి తీసేశాను. స్క్రూ వెనక్కి తిప్పుతూ పోయాను. ఒకటిన్నర చుట్టు తిరిగినా ఇంకా ఎర్రగానే ఉంది. చివరికి ఇంకాస్త తిప్పితే పచ్చ వచ్చేస్తుందన్నచోట ఆపి, పక్కకు జరిగాను. అక్క నొక్కింది. పచ్చలైటు వెలిగింది.

"ఏమైండె?" అన్నాడు సూపర్‌వైజరు.

"స్క్రూ జరిగింది సార్. మిషన్‌దే తప్పు" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

పని విడిచాక ఆ అక్క నన్ను షెడ్డు వెనక్కి పిలిచింది.

"మిషన్‌దేమీ కాదు గదా పాపా. నువ్వు చేతులు తుడుచుకునేది నేను చూసినా."

నాకు ఏడుపు వచ్చింది.

"ఏడ్చొద్దు. నేను ఎవరికీ చెప్పన్లే. ఆ తనకల్లు ఆమెను పిలిపియ్యి, చాలు. ఆమెవీ నా మాదిరి చేతులే."

"పిలిపిస్తానక్కా" అన్నాను.

పిలిపించాలంటే తప్పు నాదేనని సూపర్‌వైజరుకు చెప్పాలి. చెప్తే పర్మినెంటు మాట అటుంచి, ఉన్నది కూడా ఊడుతుంది. వారం రోజులు ఆయన గది గుమ్మం దాకా పోవడం, తిరిగి రావడం. తరువాత పోవడం కూడా మానేశాను. వానాకాలం రాకముందే నన్ను పర్మినెంటు చేశారు.

ఆ అక్క రెండేళ్లు అక్కడే పనిచేసింది. ఎవరికీ చెప్పలేదు, నన్నూ మళ్లీ అడగలేదు. పర్మినెంటు కాగితం వచ్చిన రోజు నుంచి మాత్రం పాపా అనడం మానేసి, అందరితో పాటు తనూ నన్ను మేడమ్ అని పిలిచింది.