లంక బడులకు మార్కాపురం పలకలు

మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే సిలోనుకూ వచ్చింది. అక్కడ ఊరూరా బడులు తెరుస్తున్నారు, పలకలేమో మన మార్కాపురం నుంచి ఓడెక్కి పోతున్నాయి. వాటిని చూడటానికి వాళ్ళ విద్యాశాఖ నుంచి సిరిపాల గారు మద్రాసు వచ్చారు. ఆ సరుకు ఓడకెక్కించే కంపెనీలో గుమాస్తానైన నన్ను ఆయనకు తోడుగా పంపారు. ఆ పలకలు చేయించేది మా మేనమామే.

సాయంత్రం సెంట్రల్లో మెయిలెక్కాం. గూడూరు రాకముందే ఆయన అసలు సంగతి చెప్పేశారు.

"కిందటి సరుకులో చెక్క చట్రాలకు పచ్చగా బూజు పట్టింది. పచ్చి చెక్క వాడుతున్నట్టుంది. అదే నిజమైతే ఇక మేం కొనం."

ఆ ఏడు వానల్లేక చేలు ఎండిపోయాయి, మామ షెడ్డులో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నీ సిలోను ఆర్డరు మీదే బతుకుతున్నాయి.

తెల్లవారి బెజవాడలో ఇడ్లీలు తిని, గుంటూరు మీదుగా వెళ్ళే చిన్న బండి పట్టుకున్నాం. ఆ దారిన వెళ్ళేవాళ్ళు కూజా మరిచిపోకూడదు, వినుకొండ దాటితే ఎండ చంపేస్తుంది. దొనకొండలో ఎక్కిన గిద్దలూరు గొర్రెల కాపరి ఒకాయన మా అతిథిని ఎగాదిగా చూశాడు.

"లంకాయనా? మా ఆంజనేయుడు కాల్చిన ఊరు మళ్ళ కట్టుకున్నారా ఏంది?"

భయపడుతూనే ఇంగ్లీషులో చెప్పాను. సిరిపాల గారు పగలబడి నవ్వారు. "కట్టుకున్నామని చెప్పండి. ఇప్పుడు బడులు కడుతున్నాం."

మధ్యాహ్నం మూడింటికి మార్కాపురం రోడ్డులో దిగితే మామ జట్కాతో సిద్ధంగా ఉన్నాడు. ఆ రాత్రి మా అత్త గోంగూర కారానికి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటారనుకున్నాను. ఆయన ఇంకాస్త వడ్డించమన్నారు!

పొద్దున్నే షెడ్డులో ఆయన పెట్టెలోంచి ఒక పలక తీసి మామ చేతికిచ్చారు. చట్రం నాలుగు మూలలా పచ్చటి మరకలు. పలకలను గడ్డిలో సర్దే రాములమ్మ లేచి వచ్చి చూసింది.

"బూజేంది నాయనా? పసుపు! నేనే పెట్టినా."

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?" మామ కసిరాడు.

"పిల్లోళ్ళు పట్టే కొత్త పలక గదా! ఈడయితే తల్లులు పెట్టుకుంటారు. సముద్రం అవతల ఎవరన్నా పెడతారో లేదో అని, లంకకు పోయేటివాటికి నేనే పెట్టినా."

నేను తర్జుమా చేశాను. సిరిపాల గారు, తమ దగ్గరా అక్షరాలు దిద్దించే రోజు తల్లులు దీపం వెలిగిస్తారని చెప్పించారు.

"అట్లనా! అయితే ఇంక పెట్టను. తల్లి చెయ్యాల్సింది నేనెందుకు చేసేది?" అంది రాములమ్మ.

ఆర్డరు ఖాయమైంది. మామ జట్కా దాకా వచ్చి ఆయన చేతులు వదల్లేదు.

స్టేషను కనబడుతుండగా సిరిపాల గారు జట్కా ఆపమన్నారు. "వెనక్కి పోదాం."

"బండి తప్పిపోతుంది" అన్నాను.

"పోనీండి. మా పాపకు వచ్చే నెల అక్షరాలు దిద్దించాలి. దానికి తల్లి లేదు."

మళ్ళీ షెడ్డుకు వెళ్ళాం. సంగతి రాములమ్మకు చెప్పాను. చేతులు కడుక్కొచ్చి, ఉన్నవాటిలో నున్నటి పలక ఏరింది. "పాప పేరేంది?" అని మాత్రం అడిగింది. "కుసుమ" అన్నారాయన. ఆ పేరు పైకి అనుకుంటూ నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టింది.

మర్నాటి బండిలో పోయాం. రెండు దేశాల స్నేహం మీద తర్వాత మద్రాసులో చాలా ఉపన్యాసాలు విన్నాను, ఒక్కటీ గుర్తులేదు. బెజవాడ దాకా ఆ పలకను ఒళ్ళో పెట్టుకుని, పసుపు చెరుగుతుందేమోనని అంచులు ముట్టుకోకుండా కూర్చున్న తండ్రి మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాడు.